ధ్యాన మందిరంలో మంచాలు

వృద్ధాశ్రమంలో పని చెయ్యాలంటే ఓపిక కావాలని అందరూ చెప్తారు. మొన్న ఒక నర్సింగ్ కాలేజీ వాళ్లు పిలిస్తే వెళ్లాను. అక్కడ సభను మొదలుపెట్టిన పెద్దాయన కూడా అదే అన్నాడు. ఓపిక, చిరునవ్వు, సేవాభావం. ముందు వరుసలో అమ్మాయిలు బుద్ధిగా రాసుకున్నారు. నా వంతు వచ్చినప్పుడు, "ఓపిక నాకు మొదట్లో చాలా ఉండేది. దానివల్లే ఒక మనిషి చావు అంచుదాకా పోయాడు" అన్నాను. ఆ పెద్దాయనకు నవ్వాలో వద్దో తెలియలేదు. టైము లేదని పది నిమిషాల్లో నన్ను దించేశారు. అక్కడ చెప్పనివ్వనిది ఇక్కడ రాస్తున్నాను. ఈ పనిలోకి వచ్చే పిల్లలు చదివితే చాలు.

పేర్లు రాయను. అందరూ ఈ చుట్టుపక్కల వాళ్లే. చదివితే ఎవరిని వాళ్లు గుర్తుపట్టుకుంటారు. గుర్తుపట్టి కోపం తెచ్చుకునేవాళ్లను నేను ఆపను.

గోదావరిఖనిలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఇరవై ఏళ్లకు పైగా నర్సుగా చేశాను. ఆ తర్వాత ఊరి చివర, ఓపెన్‌కాస్టు బొగ్గు గని మట్టి గుట్టలు కనిపించే చోట, ఒక ట్రస్టు నడిపే వృద్ధాశ్రమంలో వార్డెన్‌గా చేరాను. అక్కడున్న మగవాళ్లలో ఎక్కువమంది గనుల్లో పని చేసి రిటైరైనవాళ్లు. ఆడవాళ్లలో ఎక్కువమంది అలాంటి వాళ్ల భార్యలు, భర్త పోయాక మిగిలినవాళ్లు. ఎవరూ లేక వచ్చినవాళ్లు కొందరు. అందరూ ఉన్నా, కోడలి వంటకంటే ఇక్కడి వంట నయమని వచ్చినవాళ్లు కొందరు.

కింద రెండు హాళ్లు. ఎడమ వైపు మగవాళ్లది, కుడి వైపు ఆడవాళ్లది. మధ్యలో వంటగది, భోజనాల వరండా. పాత కట్టడం కాబట్టి గోడలు మందంగా, స్లాబు ఎత్తుగా ఉండేవి. మే నెలలో కూడా కిటికీలకు తడి గోనెపట్టాలు కడితే మధ్యాహ్నం కునుకు పట్టేది. ఈ ప్రాంతంలో మే నెలంటే ఏమిటో ఇక్కడ పుట్టినవాళ్లకు చెప్పక్కరలేదు. పైన ఎండ, కింద బొగ్గు. మధ్యాహ్నం పన్నెండు దాటితే కుక్కలు కూడా రోడ్డు దాటవు.

ఆ ఆశ్రమాన్ని నిలబెట్టింది కార్యదర్శి గారు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మొదటి రోజుల్లో సంచీ భుజానికేసుకుని కాలనీ కాలనీ తిరిగి బియ్యం అడుక్కొచ్చారట. ఈ కథలో ఆయన చేసింది తప్పే. కానీ ఆయన దొంగ కాడు, దుర్మార్గుడూ కాడు. పిల్లలూ, మీకు ఉద్యోగంలో ఎదురయ్యేది ఎక్కువగా ఇలాంటి వాళ్లే. దుర్మార్గుడైతే మొదటి రోజే ఎదురు తిరుగుతాం. మంచివాడు అడిగితేనే సంతకం పెడతాం.

ఆయనకు ఒక కోరిక ఉండేది. ఆశ్రమంలో ఒక ధ్యాన మందిరం కట్టాలని. వయసు మీద పడ్డవాళ్లకు మనశ్శాంతి ముఖ్యమని ఎప్పుడూ అనేవారు. ఇక్కడే పుట్టి హైదరాబాదులో వ్యాపారంలో పైకొచ్చిన ఒకాయన, తన తండ్రి పేరు పెడితే ఖర్చంతా తానే పెట్టుకుంటానన్నాడు. కొత్తగా కట్టడానికి జాగా లేదు. అందుకని మగవాళ్ల హాలునే మందిరంగా మార్చి ఏసీలు పెట్టాలని, మేడ మీద రేకులతో ఒక హాలు వేసి మగవాళ్లను అక్కడికి పంపాలని తీర్మానించారు.

సంగతి చెప్పడానికి కార్యదర్శి గారు ఒక సాయంత్రం అందరినీ వరండాలో కూర్చోబెట్టారు. ధ్యానం వల్ల రక్తపోటు ఎలా తగ్గుతుందో వివరించారు. టింబర్ కాక చెయ్యెత్తాడు. ఆయన గనిలో పైకప్పు కూలకుండా కర్రదిమ్మెలు నిలబెట్టే టింబర్‌మన్. డెబ్బై ఎనిమిదేళ్లు. ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరి నాలుగడుగులకోసారి ఆగేవాడు.

"సార్, ముప్పై ఐదేండ్లు చీకట్ల కూసోనే వచ్చిన. ఇంక కండ్లు మూసుకొని ఏం జూడాలె?"

అందరూ నవ్వారు. కార్యదర్శి గారు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వాక ఆ మాట అక్కడే తేలిపోయింది.

జనవరిలో రేకుల హాలు పూర్తయింది. ఫిబ్రవరిలో లైసెన్సు పొడిగింపు కోసం జిల్లా ఆఫీసుకు పంపాల్సిన కాగితం నా బల్ల మీదికి వచ్చింది. వార్డెన్ ధ్రువీకరించాలి. పై హాలులో గాలి, వెలుతురు సరిపడా ఉన్నాయని, మెట్లకు రెండు వైపులా రెయిలింగ్ ఉందని, ప్రమాదం జరిగితే బయటపడడానికి రెండో దారి తెరిచి ఉంటుందని.

మేడ మీదికి వెళ్లి చూశాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. మెట్లకు ఒక వైపే రెయిలింగ్. వెనక వైపు ఇనుప మెట్లున్నాయి కానీ, వాటి తలుపుకు ఇంకా గడియ కూడా బిగించలేదు. మా ఎలక్ట్రీషియన్ భాయ్ నిచ్చెన మీద ఉన్నాడు. బస్టాండు దగ్గర మోటార్లు చుట్టే దుకాణం ఉంది ఆయనకు. మా పనికి కబురు చేస్తే వచ్చేవాడు.

"సిస్టర్, గీ ఫ్యాన్లు గాలిని తిప్పుతయ్ గని చల్లగ చెయ్యవు" అన్నాడు పైనుంచే. "మీద రేకు, కింద స్లాబు. ఎండలు ముదిరితే నడుమల మనిషి రొట్టె లెక్క కాల్తడు. ఇప్పుడు చలికాలం గదా, ఎవలికి సమజ్ కాదు."

ఆ మాటే కార్యదర్శి గారితో అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "కూలర్లు వస్తాయి మేడమ్. రేకుల మీద సున్నం కొట్టిస్తాం. రెండో రెయిలింగ్ వారంలో బిగిస్తారు. ఈ కాగితం పోకపోతే లైసెన్సు ఆగిపోతుంది. వీళ్లందరినీ ఎక్కడికి పంపుతాం? నా మాట మీద మీకు నమ్మకం లేదా?"

నమ్మకం ఉంది. సంతకం పెట్టాను. చూడకుండా పెట్టలేదు, చదవకుండా పెట్టలేదు. చూసి, చదివి, ఇప్పటికి ఇది అబద్ధమని తెలిసి, వారంలో నిజమవుతుందిలే అనుకుని పెట్టాను.

పద్నాలుగు మంది మగవాళ్లు మేడెక్కారు. మొదటి రోజు టింబర్ కాక చేతికర్రతో రేకును టకటకమని కొట్టి చెవి పెట్టి విన్నాడు. గనిలో పైకప్పును అలాగే కొట్టి చూస్తారట, గట్టిగా ఉందో లేదో. "రూఫ్ మంచిగ లేదు సిస్టరమ్మా" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

వాళ్లలో ఒకాయనను మేమంతా డ్యూటీ కాక అనేవాళ్లం. గనిలో బొగ్గు నింపే కోల్ ఫిల్లర్‌గా చేసిన మనిషి. మతి చెదిరి మూడేళ్లయింది. షిఫ్టుకు గని సైరన్ మోగితే చాలు, చెప్పులేసుకుని "డ్యూటీకి టైమైంది" అంటూ లేచేవాడు. కింద ఉన్నప్పుడు బాయికి, అంటే గనికి, పోతున్నానని గేటు దాకా పోయేవాడు. వాచ్‌మన్, "ఇయ్యాల్ల బాయి బంద్ కాకా, సెలవు" అంటే, "గట్లనా" అని వెనక్కి వచ్చి టీ తాగేవాడు. రోజుకు మూడు సైరన్లు, మూడుసార్లు సెలవు. ఎవరికీ కష్టం లేదు.

మేడ మీదికి పోయాక అది కష్టమైంది. ఒక రోజు వెనక ఇనుప మెట్ల మీద సగం దిగి, ముందుకూ వెనక్కూ రాలేక నిలబడిపోయాడు. పడితే ప్రాణం పోయేది. వెంటనే వెనక తలుపుకు లోపల గడియ పెట్టి, అవతల మెట్ల పైకొసన ఒక ఇనుప గ్రిల్ బిగించి తాళం వేశారు. భాయ్‌తోనే వేయించారు. తాళంచెవి కార్యదర్శి గారి బల్ల సొరుగులో ఉండేది. రెండో దారి మూసుకుపోయిందని నాకు తెలుసు. ముసలాయన పడిపోకుండా ఉంటే చాలుననుకున్నాను. ప్రతి తప్పూ ఏదో ఒక మంచికోసమే చేశాను; లెక్క తీస్తే ఒక్కటి కూడా చెడ్డ ఉద్దేశంతో చేసింది లేదు.

కూలర్లు మార్చిలో రాలేదు. ఏప్రిల్‌లోనూ రాలేదు. ధ్యాన మందిరానికి పాలరాయి పరిచేవాళ్లు వచ్చారు. ఏసీలు వచ్చాయి. నేను వారానికోసారి అడిగాను. అడిగిన ప్రతిసారీ కార్యదర్శి గారు మర్యాదగా జవాబు చెప్పారు. ఆ మర్యాదకు నేను మర్యాదగా వెనక్కి వచ్చాను. ఓపిక అంటే అదే కదా.

మే నెల మొదటి వారంలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. పైన వాళ్లకు మజ్జిగ ఇచ్చి, తువ్వాళ్లు తడిపి మెడల మీద వేసి, కింద ఆడవాళ్ల హాలులోకి వచ్చాను. ఒకావిడకు గాయం కట్టు మార్చాల్సి ఉంది. కట్టు మారుస్తుండగా పైన రేకులు గడగడలాడాయి. రోజూ ఆ వేళకు ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ జరుగుతుంది. కిటికీలు, రేకులు, గిన్నెలు అన్నీ కదులుతాయి. అదే అనుకున్నాను.

పక్క మంచం మీది అవ్వ తల ఎత్తింది. ఎనభై దాటిన మనిషి, వంగిన నడుము, గట్టి గొంతు. "బిడ్డా, బ్లాస్టింగ్ అయితే ఒక్కపారి ఊగి ఆగుతది. గిది ఆగుతలేదు" అంది.

చేతిలో కట్టు వదిలేసి మెట్లెక్కాను. హాలులోకి అడుగు పెడితే పొయ్యి మీద పెనం దగ్గర మొహం పెట్టినట్టుంది. టింబర్ కాక గోడకు ఆనుకుని, మాట రాక, చెయ్యి మాత్రం వెనక తలుపు వైపు చూపిస్తున్నాడు. డ్యూటీ కాక అక్కడున్నాడు. రెండో షిఫ్టు సైరన్ విని లేచాడు. తలుపు దాటి గ్రిల్ దగ్గరికి పోయాడు. వెనక తలుపు గాలికి మూసుకుని గడియ జారింది. ముందు గ్రిల్, వెనక తలుపు, నెత్తిన ఎండ. లోపలున్నవాళ్లకు ఆ వేడిలో లేచి వచ్చి గడియ తీసే ఊపిరి లేదు. నేను విన్న గడగడ ఆయన గ్రిల్ పట్టుకుని ఊపిన చప్పుడు. నేను తలుపు తీసేసరికి కూలబడి ఉన్నాడు. ఒళ్లు నిప్పులా కాలుతోంది. చెమట లేదు. అరచేతులు ఇనుముకు కాలి బొబ్బలెక్కాయి.

ముందు మెట్లు ఇరుకు, మలుపు. మనిషిని పడుకోబెట్టి దించాలంటే వెనక మెట్లే దారి. తాళంచెవి సొరుగులో ఉంది, సొరుగు గదిలో ఉంది, గదికి తాళం వేసి కార్యదర్శి గారు కరీంనగర్ పోయారు. భాయ్ ఆ రోజు కింద ఏసీలకు వైర్లు గుంజుతున్నాడు. నా కేక విని సుత్తె పట్టుకుని వెనక మెట్ల మీదుగా పరుగెత్తుకొచ్చాడు.

"నేనే ఏసిన, నేనే ఇరగ్గొడ్త" అని మూడు దెబ్బల్లో తాళం ఊడగొట్టాడు.

దుప్పటిలో పడుకోబెట్టి నాలుగు మూలలా పట్టుకుని దించాం. వరండాలో చల్లటి బండల మీద ఉంచి, చంకల్లో, మెడకు, గజ్జల్లో తడి గుడ్డలు పెట్టి, ఆడవాళ్లు విసనకర్రలతో విసురుతుంటే అంబులెన్సు వచ్చింది. దవాఖానలో డాక్టరు, "ఇంకో గంటైతే నా దగ్గరికి తేవాల్సిన పని ఉండేది కాదు" అన్నాడు.

డ్యూటీ కాక బతికాడు. పదకొండు రోజులు దవాఖానలో ఉండి వచ్చాడు. కానీ ఆ తర్వాత సైరన్ మోగినా లేవలేదు. చెప్పుల కోసం చూడలేదు. వాచ్‌మన్ వచ్చి కావాలని, "కాకా, డ్యూటీ టైమైంది" అంటే, ఎటో చూసేవాడు. మనిషిని కాపాడామని అందరూ అన్నారు. నేను మాత్రం ఆ మాట ఎప్పుడూ అనలేదు.

మర్నాడు కార్యదర్శి గారు పిలిచారు. ఆయన మొహం పీక్కుపోయి ఉంది. దవాఖానకు వెళ్లి చూసి వచ్చారు. కళ్లలో నీళ్లున్నాయి కూడా. అయినా బల్ల మీద ఒక కాగితం పెట్టారు. ఆయనకు మొదట్నుంచీ ఉన్న జబ్బు వల్లే పడిపోయినట్టు నేను రిపోర్టు రాయాలి.

"పదో రోజున మందిరం ప్రారంభం మేడమ్. దాత వస్తున్నారు, పెద్దలు వస్తున్నారు. ఇప్పుడు గొడవైతే ఆశ్రమమే మూతపడుతుంది. మన మీద ఆధారపడ్డ ముప్పై ఆరు మంది గురించి ఆలోచించండి."

సరిగ్గా ఫిబ్రవరిలో అన్న మాటే. ఆ మాట నిజమే కావచ్చు. కానీ అదే మాటతో నా చేత ఒక్కసారి అబద్ధం రాయించి, రెండోసారి రాయించబోతున్నారు. మూడోసారికి ఎవరి అరచేతులు కాలతాయో?

"రాయను సార్" అన్నాను.

"ఆలోచించుకోండి."

"ఫిబ్రవరిలనే ఆలోచించాల్సింది. ఇప్పుడు ఆలోచించేది లేదు."

ఇంటికి పోయి ఒక తెల్ల కాగితం మీద రాశాను. ఫలానా కాగితంలో నేను ధ్రువీకరించింది అబద్ధం, తెలిసే పెట్టాను, నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను, పై హాలు మనుషులుండడానికి పనికిరాదు, వచ్చి చూడండి. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి పెద్దపల్లి పోయాను.

జిల్లా ఆఫీసులో గుమస్తా ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. నన్ను చూసి జాలిపడ్డాడు.

"మేడమ్, మొదటి సంతకం మీదే గద. ఇది ఇస్తే ముందు మీ మీదికే వస్తది."

"రానీ."

"ఇంట్ల అడిగిండ్రా?"

"సంతకం పెట్టేటప్పుడు అడగలే. తీసుకునేటప్పుడు ఎందుకు?"

ఆయన ముద్ర వేసి నకలు చేతికిచ్చాడు. "వస్తరు మేడమ్. ఎప్పుడొస్తరో చెప్పలేను" అన్నాడు.

ఈలోపు మగవాళ్లను నేనే కిందికి దింపి వరండాలో మంచాలు వేయించాను. ఎవరి అనుమతీ అడగలేదు. కార్యదర్శి గారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. ప్రారంభానికి ముందు రోజు సాయంత్రం మాత్రం కబురొచ్చింది. రేపు అతిథులు వస్తారు, వరండాలో మంచాలు బాగుండవు, ఒక్క పూటకు అందరినీ పైకి పంపండి అని.

"ఒక్క పూటనే గదా అంటున్నరు" అని వాళ్లతో చెప్పాను, అది నా మాట కాదని తెలిసేలాగే.

టింబర్ కాక, "ఎన్ని గంటలకు సభ?" అని అడిగాడు.

"పదకొండుకు."

"పదకొండు నుంచి ఒంటి గంట దాక రేకుల కింద. సరే తియ్" అని దుప్పటి కప్పుకున్నాడు. ఆ "సరే" నాకు నచ్చలేదు. యూనియన్‌లో తిరిగిన మనిషి అంత తొందరగా సరే అనడు.

మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి వరండా ఖాళీగా ఉంది. పైకి పోయి చూశాను. ఖాళీ. కిందికి వస్తే ధ్యాన మందిరంలోంచి దగ్గు వినపడింది. తలుపు తీశాను. పాలరాతి నేల మీద పదమూడు మంచాలు వరసగా ఉన్నాయి. దాత తండ్రి ఫోటో కింద టింబర్ కాక మంచం. ఆడవాళ్లంతా కూడా అక్కడే కింద కూర్చున్నారు. రిబ్బను కట్టిన గడపకు అడ్డంగా చాప వేసుకుని అవ్వ. భాయ్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఏసీ చెక్ చెయ్యడానికి తలుపు తీసిన సిస్టర్" అన్నాడు భాయ్. "మల్ల మూసుడు మర్చిపోయిన."

"మంచాలు ఎట్లొచ్చినయ్ భాయ్?"

"గది నాకు తెల్వది" అన్నాడు, భుజం నొప్పిగా రాసుకుంటూ.

నేనే రెచ్చగొట్టి చేయించానని ట్రస్టు వాళ్లు తర్వాత నా మీద ఫిర్యాదులో రాశారు. అది నిజం కాదు. అంత తెలివి నాకు లేదు. కానీ ఆపగలిగి కూడా ఆపలేదు. అది మాత్రం నిజం.

కార్యదర్శి గారు పట్టుబట్టలతో వచ్చారు. గడప దగ్గర ఆగిపోయారు. మొదట బతిమాలారు. తర్వాత గదిమారు. ఆ తర్వాత నా వైపు తిరిగి, "మేడమ్, మీరు చెప్పండి వీళ్లకు" అన్నారు.

"నేను చెప్పను సార్."

అవ్వ చాప మీదినుంచే మాట్లాడింది. "సారూ, మా ఆయిన బాయిల పనిచేసినప్పుడు, దిగేది మంచిగ లేకుంటె దిగం అని గేటు కాడ కూసునేటోళ్లు. నేను సద్దిగిన్నె పట్టుకొని పక్కన కూసున్న. గప్పుడు దిగం అన్నం. ఇప్పుడు ఎక్కం అంటున్నం. గంతే."

"ఎక్కం" అన్నాడు టింబర్ కాక. లోపల నుంచి ఒకరొకరుగా అదే మాట. పెద్దగా అరిచే ఊపిరి ఎవరికీ లేదు. దగ్గుతూ, ఆగుతూ అన్నారు.

అంతలో కార్లు వచ్చాయి. దాతకు యాభై దాటి ఉంటాయి. మెడలో దండ వేయించుకుని గడప దాకా వచ్చి, మంచాలు చూసి అయోమయంగా నిలబడ్డాడు. కార్యదర్శి గారు ఏదో చెప్పబోయారు. అవ్వ ముందే అందుకుంది.

"బిడ్డా, గా ఫోటోల ఉన్నది మీ నాయిననేనా?"

"అవునమ్మా."

"ఏం పని చేసిండు?"

"గనిలోనే. కోల్ ఫిల్లర్."

"ముసలితనంల ఎక్కడ పండుకున్నడు?"

"ఇంట్లోనేనమ్మా. నా దగ్గరే" అన్నాడు దాత.

"మంచిగ చూసుకున్నవ్. ఒక్కపారి మీదికి పోయి గా రేకుల కింద పావుగంట కూసోని రా. ఆ తర్వాత నువ్వు ఎక్కు అంటె మేం ఎక్కుతం."

ఎవరో అవ్వను గదమబోయారు. ఆయన వద్దని చెయ్యి చూపించి, దండతోనే మెట్లెక్కాడు. పావుగంట కూర్చోలేదు. గడియారం చూడలేదు కానీ, వంటావిడ ఒక దఫా టీ పోసేంతలో దిగి వచ్చాడు. చొక్కా ఒంటికి అతుక్కుంది. దండలో పూలు వాడిపోయాయి.

"కూలర్లు ఏవి?" అని అడిగాడు కార్యదర్శి గారిని.

"వచ్చే వారం..."

దాత దండ తీసి తండ్రి ఫోటోకు వేశాడు. రిబ్బను కత్తిరించలేదు. ఉపన్యాసం ఇవ్వలేదు. కారెక్కి వెళ్లిపోయాడు. మంచివాడా, సిగ్గుపడ్డాడా, కోపమొచ్చిందా, నాకు ఈనాటికీ తెలియదు. ఆ తర్వాత ఆయన ఆశ్రమానికి రాలేదు. ఏసీలు మాత్రం తీయించలేదు.

అతిథులు పోయాక కార్యదర్శి గారు ఖాళీ కుర్చీల మధ్య ఒక్కరే కూర్చున్నారు. నేను మంచినీళ్లు ఇచ్చాను.

"ఇరవై ఏళ్ల కష్టం మేడమ్" అన్నారు. "ఒక్క పొద్దులో నేలపాలు చేశారు."

ఆయన కష్టం అబద్ధం కాదు. నాకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అయినా క్షమించమని అనలేదు. ఆ కష్టం లోపలున్న పదమూడు మంది కోసమే అయితే, అది నేలపాలు కాలేదు. అది ఆ నేల మీదే మంచాలేసుకుని పడుకుని ఉంది.

వారం తర్వాత పెద్దపల్లి నుంచి ఒక అధికారిణి వచ్చింది. ఎండలో నిలబడి మెట్లు చూసింది, గ్రిల్ చూసింది, రేకుల హాలుకు తాళం వేయించింది. మగవాళ్ల హాలు మగవాళ్లకే ఉండాలని రాసింది. ఇక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసింది. ఫిబ్రవరి కాగితం ఆమె ముందుంది.

"ఈ సంతకం మీదేనా?"

"నాదే మేడమ్."

ఆమె పెన్ను పక్కన పెట్టి గొంతు తగ్గించింది. "మీ సర్వీసు చూశాను. పని ఒత్తిడిలో చదవకుండా సంతకం పెట్టానని ఒక్క ముక్క రాసివ్వండి. మీ మీదికేం రాదు."

మంచి మనసుతోనే చెప్పింది. ఒక్క ముక్క రాస్తే సరిపోయేది.

"చదివే పెట్టిన మేడమ్. చదవలేదని రాస్తే ఇంకో అబద్ధం రాసినట్టయితది. నాకు వచ్చేది రానీయండి."

వచ్చింది. తప్పుడు ధ్రువీకరణ ఇచ్చినందుకు నన్ను వార్డెన్ పని నుంచి తీసెయ్యాలని ఉత్తర్వు. ట్రస్టు వాళ్లు నన్ను పూర్తిగా పంపించేద్దామనుకున్నారు. టింబర్ కాక అందరి చేత వేలిముద్రలు వేయించి ఒక కాగితం ఇచ్చాడట. నర్సుగా ఉండొచ్చన్నారు. కార్యదర్శి గారికి లిఖితపూర్వకంగా క్షమాపణ చెప్పాలని షరతు పెట్టారు. క్షమాపణ రాశాను. డ్యూటీ కాక పేరుకు రాసి, ఆయన మంచం దగ్గర చదివి వినిపించి, దాని నకలు ఆఫీసులో ఇచ్చాను. వాళ్లు దాన్ని ఏం చేశారో తెలియదు. ఇంకోటి రాయమని మాత్రం ఎవరూ అడగలేదు.

ఉత్తర్వు వచ్చిన రోజు అవ్వ దగ్గర కూర్చుని సంగతి చెప్పాను.

"ఇగ నేను వార్డెన్‌ను కాదు అవ్వా. వట్టి నర్సును."

"మంచిగైంది" అంది. "ఇప్పుడు మా దిక్కు వచ్చినవ్."

నాకు కొంచెం బాధేసింది. "అంతకుముందు ఎవరి దిక్కున్న?"

"ఎవరి దిక్కు లేవు బిడ్డా. నడుమల ఉన్నవ్. నడుమల ఉన్నోళ్లను చూస్తెనే మాకు భయం. మీదోడు ఏం చేస్తడో మాకు తెలుసు. నడుమల ఉన్నోడు నవ్వుకుంట మందు ఇచ్చి, నవ్వుకుంట తాళం ఏస్తడు."

పిల్లలూ, నాకు ఎన్నో శిక్షణలు ఇచ్చారు. ఇంత సూటిగా నా పని నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ వారమే బజారుకు పోయి గోడకు తగిలించే పెద్ద థర్మామీటరు ఒకటి కొన్నాను. మగవాళ్ల హాలులో, తలుపు పక్కన, వచ్చే పోయే అందరికీ కనపడేలా మేకు కొట్టి తగిలించాను. టింబర్ కాకకు అంకెలు చదవడం నేర్పాను. ఎంత దాటితే నన్ను పిలవాలో, ఎంత దాటితే ఎవరినీ అడగకుండా అందరూ లేచి వరండాలోకి రావాలో చెప్పాను.

మూడో రోజు కార్యదర్శి గారు తనిఖీకి వచ్చారు. ఎర్ర గీత వైపు చూసి, "ఇది ఎవరు పెట్టారు?" అన్నారు.

"నేను సార్."

"ఎవరి అనుమతితో?"

"ఎవరిదీ లేదు."

"తీసెయ్యండి. చూసేవాళ్లకు బాగుండదు."

పద్నాలుగు మంది మంచాల మీద లేచి కూర్చున్నారు. డ్యూటీ కాక కూడా మా వైపు తల తిప్పాడు.

"మీరే తియ్యండి సార్" అన్నాను. "వీళ్లందరు చూస్తుండగ."

ఆయన చెయ్యి కొంచెం పైకి లేచింది. పద్నాలుగు మొహాలను ఒకసారి చూసి, ఆ చేత్తో కళ్లజోడు సర్దుకుని బయటికి నడిచారు.